తెర వెనక గొంతు

నమోదు 1406. మంగళవారం. గాలి సముద్రం మీంచి, ఓ మోస్తరు.

ఈ పుస్తకంలో గాలి, తేమ, హెచ్చరిక బాకాల పరిస్థితి తప్ప మరేమీ రాయకూడదని కమిటీ ఉత్తర్వు. నేను పదకొండేళ్ళుగా నా ఇష్టం వచ్చినట్టే రాస్తున్నాను. ప్రెసిడెంటు తవిటినాయుడు గారు నెలకోసారి చివరి పేజీ కింద సంతకం గీకి మూసేస్తారు. పై పేజీలు తిప్పిన పాపాన పోలేదు.

ఇవాళ సముద్రపు గట్టు వెంట నడిచి ఏడు బాకాలూ తుడిచాను. మూడోదీ ఆరోదీ పోయాయి. ఆరోదాని మూతిని ఉప్పు జల్లెడ చేసేసింది, వేలు పెడితే పెచ్చులు రాలాయి. మిగిలిన ఐదింటికీ తీగ మీద సన్నగా ఈల పంపి చూశాను. జలుబు చేసిన ముసలాళ్ళలా మూలిగాయి. ఆషాఢంలో సముద్రం తిరగబడుతుంది. ఇంకా నాలుగు వారాలే ఉంది. ఈలోగా కొత్తవి రాకపోతే మడుల్లోకి దిగేవాళ్ళ గతి ఏమిటో ఆలోచించడానికే భయంగా ఉంది.

రోజూ పొద్దున్న మూడు వందల నలభై ఒక్క మంది ఊరున్న పెద్దగట్టు మెట్లు దిగి ఉప్పుమడుల్లోకి పోతారు. మెట్ల దగ్గర కమిటీ మనిషి కూర్చుని దిగేటప్పుడొకసారి, ఎక్కేటప్పుడొకసారి లెక్కపెడతాడు. మడులు రెండు కిలోమీటర్ల పొడవున్నాయి. వాటి చివర సముద్రపు గట్టు, మనిషి నడుమెత్తు. దాన్ని చూసి సముద్రం నవ్వుకుంటుంది. ఆ గట్టుకి ఆనుకుని ఉన్న ఆరో వరస మడులకి మేస్త్రి లోకనాథం, నా మొగుడు.

బాకాలు ఆ చివరెందుకు పెట్టారని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతారు. గాలి ఎప్పుడూ సముద్రం మీంచే వీస్తుంది కాబట్టి. ఇటు నుంచి అరిస్తే అటు వినబడదు, అటు నుంచి అరిస్తే మడులన్నీ వినబడుతుంది. అందుకే మా పిల్లలకి అ ఆ ల కన్నా ముందు ఒకటే నేర్పుతాం. బాకా కూస్తే దానికి వీపు పెట్టి పరుగెత్తాలి.

సముద్రంలో తేలే డబ్బా ఒకటుంది. నీళ్ళు గీత దాటితే అది తీగ మీద కబురు పంపుతుంది. నా గదిలో గొంతు ఎక్కించిన హెచ్చరిక పలక దానంతటదే తిరుగుతుంది. అక్కణ్ణించి మాకు పద్దెనిమిది నిమిషాలు. ఆరో వరస నుంచి మెట్ల దాకా పరుగు పద్నాలుగు నిమిషాలు. పలక మీద ఉన్నది నా గొంతే. కాని ఆ తుప్పు బాకాల్లోంచి బయటికొచ్చాక అది నాదని మా అమ్మ కూడా పోల్చలేదు. ఊళ్ళో పిల్లలు దాన్ని గాడిద అంటారు.

మధ్యాహ్నం అన్నం తింటూ లోకనాథం అదే అన్నాడు. "నీ గాడిద గొంతు పట్టేసినట్టుందే వరాలూ. డాక్టరుకి సూపించు."

"సూపిస్తాను మావా. శబ్దాల సంతకి ఎల్లి కొత్తవి ఎంచుకు రమ్మన్నారు. నువ్వూ రా, సంచీ మోద్దువు."

"సంచీ మొయ్యడానికేటి, సంత సూడ్డానికొస్తాను," అన్నాడు.

నమోదు 1410. శనివారం. హాల్లో గాలి లేదు, ఉక్క.

పడవలో ఒకటిన్నర రోజు పట్టింది. పాత జిల్లా కేంద్రం మీదుగా వచ్చాం. కలెక్టరాఫీసు పైకప్పు మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. ఫోన్లు మాట్లాడిన రోజుల్లో టవర్లు ఎక్కడుండేవో లోకనాథం చూపించాడు. అవి కూలి పంతొమ్మిదేళ్ళు. ఇప్పుడు ఏ గట్టు మీదైనా మనుషులకి కబురు అందాలంటే ఒక తీగ, దాని చివర పలికే ఒక పెట్టె. అందుకే మూడేళ్ళకోసారి కొండ మీది పాత కాలేజీలో పెట్టెలు చేసేవాళ్ళందరూ చేరి వినిపిస్తారు. మాలాంటి వినేవాళ్ళు మార్కులేస్తారు.

వినేవాళ్ళంటే మామూలు వాళ్ళు కాదు. నడిమి కుర్చీలో కూర్చుంటాం. కళ్ళు మూసుకుంటాం. ఎవరైనా దగ్గితే పెళ్ళిలో తుమ్మినట్టు చూస్తాం. మా మార్కుల కాగితం మా గురువుల గురువులు రాసింది. సహజత్వానికి అరవై, స్పష్టతకి పాతిక, దూరానికి పదిహేను. దాన్ని మార్చమంటే మావాళ్ళు మీదపడి రక్కుతారు. ఈ తీరంలో నాకు మించిన చెవి లేదని నేను చెప్పుకోను. నలుగురూ అంటారు, నేను కాదనను.

మొదటి గదిలో ఒకాయన తలుపంత పలచని పెట్టె నిలబెట్టి వీణ వినిపించాడు. వినిపించాడు అనకూడదు, వీణ మీద తను మాట్లాడాడు. "ఇప్పుడు మంద్రం వస్తుంది చూడండి, ఇదిగో వస్తోంది, వచ్చేసింది, విన్నారా?" అని ఒకటే ఊదర. వీణ ఎలా ఉందో నాకిప్పటికీ తెలీదు. నలభై రెండు వేశాను.

రెండో ఆయన పేరు దాలినాయుడు, రాళ్ళ క్వారీల నుంచి వచ్చాడు. బండిచక్రమంత రేకు బాకా తెచ్చాడు. "ఇది గదిలో ఇనీది కాదమ్మా, బయటికి రండి," అని అందరినీ ఎండలోకి లాగాడు. నడిమి కుర్చీ లేదు, నీడ లేదు. వినేవాళ్ళు సణుక్కుంటూ నిలబడ్డారు. బాకాని అవతలి గుట్ట మీద పెట్టి మోగించాడు. రేకు చింపినట్టుంది. అందులో ఆడగొంతేదో ఉందట, దేవుడికే తెలియాలి. లోకనాథం ఉలిక్కిపడి, అలవాటు కొద్దీ దానికి వీపు పెట్టి నాలుగంగలు పరుగెత్తి, ఆగి, సిగ్గుపడి తల గోక్కున్నాడు. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. నేనూ నవ్వాను.

సహజత్వం అరవైకి ఆరు. "మనిషి గొంతులా లేదు" అని పక్కన రాశాను. దాలినాయుడు తొంగి చూశాడు.

"మనిషి గొంతులా ఎందుకుండాలమ్మా? ఇది ఇని ఆనందించడానికి కాదు, పరిగెట్టడానికి."

"పరిగెత్తేవాళ్ళకి మాత్రం చెవులుండవా?" అన్నాను.

భలే అన్నానని తోటివాళ్ళు మెచ్చుకున్నారు. ఆయన బాకాకి గోనె చుట్టుకుని వెళ్ళిపోయాడు.

నమోదు 1411. ఆదివారం.

ఇది ఇవాళే రాయాలి.

చివరి గది పాత్రో గారిది. ఒరిస్సా సరిహద్దు మనిషి, అరవై దాటాయి, మాట్లాడితే అవతలివాడికి నొప్పి పుడుతుందేమో అన్నట్టు మాట్లాడతారు. గోడలకి కొబ్బరిపీచు చాపలు కట్టారు. పెట్టె లోపలి కాగితపు గిన్నె ఆయనే స్వయంగా జనపనారతో, చింతగింజల జిగురుతో చేశారు. అది వణికితేనే శబ్దం. దాన్ని చంటిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని చూపించారు.

"తెర పరీక్షకి ఒప్పుకుంటారాండీ?" అని అడిగారు. గదిలో గుసగుసలు మొదలయ్యాయి. ఎందుకంటే పెట్టెలు చేసేవాళ్ళు తెర పరీక్ష పేరెత్తడమే మానేశారు. తెర వెనక ఒక పక్క మనిషి, ఒక పక్క పెట్టె. మాట ఒకటే. ఏది మనిషో, ఏది పెట్టో వినే మనిషి చెప్పాలి. అందులోనూ ఆ గొంతు వినేవాళ్ళకి బాగా తెలిసినదై ఉండాలి. పరువు పోతుందని ఇన్నేళ్ళలో ఇద్దరే సాహసించారు. ఇద్దరినీ నేనే ఓడించాను.

పొద్దున్నే లోకనాథాన్ని పక్కకి తీసుకెళ్ళి ఆయన గొంతు పలక మీదికి ఎక్కించారట. నాకు చెప్పలేదు. తెర వేశారు. నేను కళ్ళు మూసుకున్నాను.

ఎడం పక్క నుంచి: "వరాలూ, అన్నం సల్లారిపోతంది, రా."

కుడి పక్క నుంచి: "వరాలూ, అన్నం సల్లారిపోతంది, రా."

మా ఆయనకి పై పన్ను ఒకటి ఊడింది. 'స' దగ్గర చిన్న ఈల వస్తుంది. మాటకి ముందు ముక్కుతో గాలి పీలుస్తాడు. ఇరవై ఆరేళ్ళ కాపురం, ఆ ఊపిరి నాకు కొట్టిన పిండి. ఎడం పక్క ఈల ఉంది, ఊపిరి ఉంది, 'రా' అన్నప్పుడు ఆ చిన్న విసుగు కూడా ఉంది. కుడి పక్కది కాస్త బిగుసుకున్నట్టు అనిపించింది. "ఎడం పక్క మా ఆయన," అని ధీమాగా చెప్పాను.

తెర తీశారు. ఎడం పక్క పెట్టె ఉంది. కుడి పక్క లోకనాథం, నలుగురి ముందూ మాట్లాడాలంటే బిడియపడి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏటే, ఇంక పెట్టెతో కాపురం సేస్తావేటి?" అన్నాడు.

హాలు దద్దరిల్లింది. నేను ఓడిపోయాను, అయినా నా కళ్ళ నీళ్ళు ఆగలేదు. సంతోషంతోనే ఏడ్చాను. ఇంత నిజమైన శబ్దం నా జన్మలో వినలేదు. తొంభై ఎనిమిది వేశాను. దూరం దగ్గర రెండు తగ్గించాను, అంతే.

పాత్రో గారు ఇంకో మాట చెప్పారు. ఈ పెట్టె శబ్దం దాని ఎదుటి నేల మీదే పడుతుందట. ఒక స్తంభం మాట ఇంకో స్తంభం మాట మీద పడి కలగాపులగం కాదు. "గట్టు మీద ఒక్క మనిషి నిలబడి చెప్పినట్టే ఉంటుందండీ." ఆ వాక్యాన్ని నా నివేదికలో యథాతథంగా రాసి కింద గీత గీశాను.

నమోదు 1420. మంగళవారం. గాలి సముద్రం మీంచి, జోరుగా.

ఏడు పెట్టెలూ వచ్చాయి. స్తంభాలకి గుంటలు తవ్వించింది లోకనాథమే. పాత బాకాలని పడవెక్కించి తుక్కుకి పంపేశాం.

పాత హెచ్చరిక పలక ఈ పెట్టెల్లో పనికిరాదు, దాని గరగర అంతా బయటపడుతుంది. కొత్తగా చెప్పమన్నారు. పదకొండుసార్లు చెప్పాను. పదకొండుసార్లూ పాత్రో గారు తల అడ్డంగా ఊపారు. "కంఠం బాగుందమ్మా. మనిషి భయపడలేదు."

పన్నెండోసారి కళ్ళు మూసుకుని, ఆరో వరసలో సముద్రానికి వీపు పెట్టి వంగి ఉప్పు లాగుతున్న లోకనాథాన్ని తలుచుకున్నాను. ఆ తర్వాత నా నోట్లోంచి ఏం వచ్చిందో నాకు తెలీదు. "నీళ్ళు! అయ్యో, నీళ్ళొచ్చేస్తున్నాయి! పరుగెత్తండి!" అని పలక మీద ఉంది. పాత్రో గారు పలక ఆపేశారు. తర్వాత "ఇదీ," అన్నారు.

ఒకసారి మడుల్లో మోగించి చూద్దామన్నారాయన. కుదరదన్నారు తవిటినాయుడు గారు, నేనూ అంతే అన్నాను. మా గట్టు మీద ఉత్తుత్తి హెచ్చరిక మహాపాపం. ఎప్పుడో ఎవరో సరదాకి బాకా మోగిస్తే, మరుసటి నెల నిజంగా మోగినప్పుడు సగం మంది కదల్లేదట. అప్పటి నుంచి నీళ్ళు వస్తే తప్ప ఆ మాట గాలిలోకి పోకూడదు. కాబట్టి కమిటీ గదిలో తలుపులు మూసుకుని, తగ్గించి పెట్టుకుని విన్నాం. తవిటినాయుడు గారు పైపంచెతో కళ్ళొత్తుకున్నారు. "అచ్చం నువ్వే ఎదురుగా నిలబడి ఏడుస్తున్నట్టుందమ్మా!" అన్నారు.

లోకనాథం మడుల్లో ఉండి వినలేదు. "రోజూ ఇంటున్న గొంతే కదే," అన్నాడు.

నమోదు 1433. మంగళవారం.

తొమ్మిదీ పదిహేనుకి నీళ్ళు గీత దాటాయి. ఏడు పెట్టెలూ పలికాయి. ఏడూ బాగా పలికాయి.

మూడు వందల నలభై ఒక్క మంది దిగారు. మూడు వందల పద్దెనిమిది మంది ఎక్కారు.

లోకనాథం ఎక్కలేదు.

నమోదు 1435. గురువారం. గాలి చూడలేదు.

పదిహేడు మంది దొరికారు, వాళ్ళలో ప్రాణంతో నలుగురు. లోకనాథం దొరకలేదు.

మంగళవారాలు నేను సముద్రపు గట్టు మీద ఉంటాను, పెట్టెలు తుడుస్తాను. అది ఊరందరికీ తెలుసు. ఈ మంగళవారం లేను. సంతలో మంచి పెట్టె ఎంచినందుకు శాలువా కప్పుతామని కమిటీ పిలిచింది. లోకనాథం అప్పటికే పనికి వెళ్ళిపోయాడు, అతనికి చెప్పడం పడలేదు. తవిటినాయుడు గారు ఉపన్యాసంలో ఉండగా దూరం నుంచి నా గొంతు వినబడింది. గాలి మీద తేలుతూ, నాకే గుండె ఝల్లుమనేట్టు. మెట్ల దగ్గరికి పరుగెత్తుతూ కూడా నేను మొదట అనుకున్నది, ఎంత బాగా పలుకుతోందో అని. ఆ సంగతి ఇక్కడ రాయకపోతే నేను మనిషిని కాను.

మొదటి ఐదు వరసలూ వచ్చేశాయి. ఆరో వరస రాలేదు. ఎందుకు రాలేదో ఎవరూ చెప్పలేకపోతున్నారు.

నమోదు 1437. శనివారం. వాన.

ఆరో వరసలో ప్రాణాలతో దొరికినవాళ్ళు నలుగురు. వాళ్ళలో కామమ్మప్పకి ఇవాళ మాట వచ్చింది. ముప్ఫై ఏళ్ళుగా ఉప్పు లాగుతున్న మనిషి. కాలు మోకాలి కింద విరిగింది. నేను మంచం పక్కన కూర్చోగానే నా చెయ్యి పట్టుకుని కళ్ళార్పకుండా చూసింది.

"నువ్వు బతికే ఉన్నావేటమ్మా," అంది.

"నాకేమైంది అప్పా? నేనసలు అక్కడికి రాలేదు."

"రాలేదా?" అంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మబ్బుగా ఉంది, గట్టు సరిగా కనపళ్ళేదు. నీ కేక ఇనపడింది. స్తంభం కాడి నుంచి. 'అయ్యో నీళ్ళు' అని ఏడస్తన్నావు. నీ మొగుడు పార కింద పడేసినాడు. 'మా వరాలు! మా వరాలు నీళ్ళల్లో సిక్కుపోనాది!' అని గట్టు వైపుకి పరిగెట్టినాడు."

"బాకా అనుకోలేదా?"

"బాకా ఎక్కడుందమ్మా? బాకా అయితే మాకు తెల్దా? సిన్నప్పట్నుంచి ఇంటన్నాం. బాకా అయితే కాళ్ళే పరిగెడతాయి. అది నువ్వు. ఆడమనిషి సచ్చిపోతన్నాది, మేవు వీపు సూపించి ఎల్లిపోతావా? మేస్త్రి ఎనకాల మేవూ ఎల్లినాం. గట్టెక్కి సూస్తే ఎవురూ లేరు. నీ మొగుడు స్తంభం సుట్టూ తిరిగినాడు. గట్టు అవతలికి దిగి ఎతికినాడు. 'ఇక్కడే ఉంది, ఇనపడతంది కదా, ఎతకండి' అన్నాడు. నెత్తి మీద పెట్టె అరస్తానే ఉంది. పైకి సూడాలని ఎవురికీ తట్టలేదు."

అప్పటికి ఆరు నిమిషాలు పోయాయి. ఆరో వరసకి మిగులు నాలుగు నిమిషాలే.

మిగతా వరసల వాళ్ళని అడిగాను. వాళ్ళూ ఆగారట. పార పట్టుకుని, ఎవరా అని గట్టు వైపు చూశారట. గట్టుకి దూరం కావడం వల్ల, మేస్త్రులు ఎందుకైనా మంచిదని కసరడం వల్ల బతికారు. నా గొంతు అంటే ప్రాణం పెట్టే మనిషి ఆరో వరసలో ఉన్నాడు. అందుకని ఆరో వరస పోయింది.

నమోదు 1440. మంగళవారం. వాన.

కమిటీ విచారణ. తవిటినాయుడు గారు ముందే రాసి తెచ్చారు: "హెచ్చరిక సకాలంలో, స్పష్టంగా వినబడినది. కార్మికులు గట్టు నిబంధన పాటించలేదు." నన్ను సంతకం పెట్టమన్నారు.

"వాళ్ళు నిబంధన తప్పలేదు," అన్నాను. "బాకా కూస్తే పారిపొమ్మని నేర్పాం. మనిషి అరిస్తే పారిపొమ్మని ఎవరూ నేర్పలేదు. బాకాని తీసేసి మనిషిని నిలబెట్టింది నేను. అది రాయండి."

"నీ మీదికెందుకు తెచ్చుకుంటావమ్మా? అసలే మొగుణ్ణి పోగొట్టుకున్నావు."

"పోగొట్టుకోలేదండీ. పిలిచి చంపాను."

కాగితం చించి కొత్తది రాశాను. మార్కుల కాగితం గురించి రాశాను. కుర్చీలో కూర్చుని పాటలు వినేవాళ్ళ కొలతతో, వంగి పనిచేసేవాళ్ళ ప్రాణాలకి పెట్టె ఎంచామని రాశాను. ఉత్తుత్తి పాపం అని మడుల్లో ఒక్కసారి కూడా వినిపించలేదని రాశాను. ఆ చివరిది తవిటినాయుడు గారు కొట్టెయ్యబోయారు, అది ఆయన మాట కనుక. పెన్ను లాక్కున్నాను. చివరికి సంతకం పెట్టారు. మొదటిసారి మొత్తం చదివి మరీ పెట్టారు.

దాలినాయుడికి తీగ మీద కబురు పంపాను. ఆయన బాకాలు వేరే గట్టుకి ఎప్పుడో వెళ్ళిపోయాయట. వానలు తగ్గేదాకా ఎలాగూ పడవలు రావు. సముద్రం ఈ ఆషాఢంలో ఇంకా ఎన్నిసార్లు లేస్తుందో ఎవరికీ తెలీదు. ఉప్పు లాగకపోతే బియ్యం రావు. శనివారం నుంచి మడుల్లోకి దిగక తప్పదు. ఉన్నవి ఈ ఏడు పెట్టెలే.

నమోదు 1442. గురువారం. కాస్త తెరిపి.

పాత్రో గారు మా దగ్గరే చిక్కుకుపోయారు. పది రోజులుగా ఎవరికీ మొహం చూపించడం లేదు. నేను గోనెలు కుట్టే దబ్బనం పట్టుకుని ఆయన గదికి వెళ్ళాను.

"పెట్టెలు పాడుచెయ్యాలి," అన్నాను. "గాడిదలా అరవాలి. ఎక్కడ పొడవాలో చెప్పండి."

ఆయన దబ్బనం వైపు చూసి మొహం తిప్పుకున్నారు. తిడతారేమో అనుకున్నాను. లేచి మొదటి పెట్టె వెనక మూత తీశారు. "మధ్యలో వద్దమ్మా, మూగబోతుంది. అంచు వెంట పొడవండి. అంచు చీలితే బరబరమంటుంది. దూరం కూడా పోతుంది." గిన్నెని ఆయన పట్టుకున్నారు, నేను పొడిచాను. ఒక్కోదానికి పన్నెండు పోట్లు. పొడిచినప్పుడల్లా ఆయన భుజాలు అదిరాయి.

ఆరు పెట్టెలు అయ్యాక సంచీలోంచి గుడ్డలో చుట్టిన పలక తీశారు. సంతలో లోకనాథం మాట ఎక్కించుకున్న పలక.

"ఈ ఒక్కటీ పొడవక ముందు ఒకసారి వినండమ్మా. తర్వాత వినలేరు."

పలక చేతిలోకి తీసుకున్నాను. వినాలని ఎంత ఉందో చెప్పలేను. పన్ను దగ్గర ఈల, ఆ ఊపిరి, ఆ విసుగు, అన్నీ అందులో ఉన్నాయి. కాని ఒకసారి విన్నానంటే ఆ పెట్టె నేను పొడవలేను. అది ఎక్కాల్సిన ఆరో స్తంభం ఖాళీగా ఉంటుంది. ఆరో వరసలోకి ఎల్లుండి కొత్తవాళ్ళు దిగుతున్నారు.

పొడిచాను. పలక బియ్యం డబ్బాలో దాచాను. దాన్ని వినడానికి ఈ గట్టు మీద ఇప్పుడు బాగున్న పెట్టె ఒక్కటీ లేదు.

సాయంత్రం కామమ్మప్పని మంచంతో సహా కమిటీ గదికి మోయించి, తలుపు బార్లా తీసి, హెచ్చరిక పలక పెట్టించాను. ఉత్తుత్తి పాపం గురించి తవిటినాయుడు గారు నోరెత్తలేదు.

"ఎవరో పిలుస్తున్నట్టుందా అప్పా?"

చెవులు మూసుకుని మొహం చిట్లించింది. "ఎవురూ లేరమ్మా అందులో. ఒట్టి రేకు," అంది.

నమోదు 1454. మంగళవారం. గాలి సముద్రం మీంచి, జోరుగా. తేమ ఎక్కువ. పెట్టెలు ఏడూ పనిచేస్తున్నాయి.

ఆరో స్తంభం ఎక్కి పెట్టె మూతి తుడుస్తుండగా చెవి పక్కనే పేలింది. బరబరమంటూ, తెగిపోతూ. అందులో మాటలున్నాయని తెలిసినదాన్ని కనుక నాకు తెలిసింది, లేకపోతే తెలిసేది కాదు. దూకినట్టే దిగాను.

మడుల్లో అందరూ పారలు వదిలేశారు. ఒక్కరూ ఇటు చూడలేదు. ఆరో వరస కొత్తవాళ్ళు నాకు ఎంతో దూరంలో లేరు, వాళ్ళ వీపుల మీద చెమట కూడా కనబడుతోంది. వాళ్ళ వెనకే పరుగెత్తాను. మడి గట్టు మీద కాలు జారి ఉప్పునీళ్ళలో పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, లేవలేకపోయాను. "నేనిక్కడున్నాను! ఆగండి!" అని అరిచాను. నిజంగానే అరిచాను, నా నోటితో. వెనక పెట్టె అరుస్తోంది, ముందు నేను అరుస్తున్నాను. ఒక్క తల కూడా తిరగలేదు.

తిరిగే తల ఒకటి ఉండేది. అది గుర్తొచ్చి ఆ నీళ్ళలో కూర్చుని గట్టిగా ఏడ్చాను. తర్వాత లేచి కుంటుకుంటూ పరుగెత్తాను. నడుం లోతు నీళ్ళలో మెట్లు అందుకున్నాను.

విరిగిన కాలు చాపుకుని పై మెట్టు మీద కామమ్మప్ప కూర్చుంది. ఇప్పుడు లెక్క ఆమెదే.

"ఎంతమంది అప్పా?"

"మూడొందల పద్దెనిమిది దిగినారు, మూడొందల పద్దెనిమిదీ ఎక్కినారు," అంది. "నువ్వు లెక్కలో లేవమ్మా. పైకి రా."